లెక్కకు రాని చిల్లు

సీసం అంటే నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా పద్యమే. నాలుగు పొడుగాటి పాదాలు, వాటి కింద తేటగీతో ఆటవెలదో. లోహపు సీసం ఒకటుందని తెలియక కాదు. మా ఊరి చెరువులో వల విసిరేవాళ్ళు అంచుకు కట్టే గుళ్ళు అవే. చేలమీద పడే అడవిపందుల కోసం మా తాత లైసెన్సు తీసుకుని దాచుకున్న బర్మారు తుపాకిలో కూరేవీ అవే. ఆ తుపాకిని మా నాయనమ్మ పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. మందు ఎండబెట్టడం, పాత చీరలు చించి పేలికలు చేసి ఇవ్వడం మాత్రం ఆమె పనే. పందిని కొట్టిన రోజు ఊళ్ళో అందరూ తాత గురి గురించే చెప్పుకునేవాళ్ళు.

కరిగి, అచ్చులోకి దిగి, ఒక ఔన్సు బరువున్న తూటాగా బయటికి వచ్చే సీసాన్ని నేను దగ్గరగా చూసింది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, మా పక్కింటావిడ గరాజులో. తెలుగు స్త్రీల మౌఖిక కథనాల మీద పిహెచ్.డి. చేసి, అక్కడ కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి పరిశోధన ఉద్యోగం మీద వెళ్ళాను. ఆవిడ డెబ్భైకి దగ్గర పడిన మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. భర్త పోయి ఆరేళ్ళు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటిన సోమవారం ఒహాయోలో తుపాకితో జింకల వేట మొదలవుతుంది. ఆవిడకు ఆ వారం పండగకంటే ముఖ్యం. ఒక జింక దొరికితే చలికాలమంతా కూర కొననక్కర్లేదు.

పక్షుల వేటకు వాడే షాట్‌గన్ తూటాలో చిన్న చిన్న గుళ్ళు వందలకొద్దీ ఉంటాయి. స్లగ్ అనే తూటాలో ఒక్కటే గుండు, బొటనవేలంత లావు. రైఫిల్ తూటాతో పోలిస్తే స్లగ్ తొందరగా వేగం పోగొట్టుకుని నేలకు దిగుతుంది. అందుకే ఇళ్ళూ పొలాలూ కలిసిపోయిన ఒహాయో, ఇల్లినాయి లాంటి రాష్ట్రాల్లో చాలాకాలం జింకల వేటకు రైఫిళ్ళను ఒప్పుకోలేదు. ఒహాయోలో 2014లో కొన్ని రకాల రైఫిళ్ళను అనుమతించారు. ఆవిడ మాత్రం పన్నెండు నంబరు షాట్‌గన్ వదల్లేదు. పన్నెండు అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను వస్తుందని అర్థం.

కొట్లో దొరికే స్లగ్గులు ఆవిడ కొనదు. భుజానికి ఆపరేషన్ జరిగింది. కొట్టు తూటా పేల్చితే తుపాకి వెనక్కి తన్నే దెబ్బకు ఆ భుజం వారం రోజులు లేవదు. ఈ దెబ్బ వెనక ఒక కథ ఉంది. తుపాకి మడమ నుంచి ట్రిగ్గరు దాకా ఉండే దూరం సగటు మగవాడి చేతికి సరిపోయేలా చేస్తారు. చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్ళకు అది భుజంలో సరిగ్గా ఆనదు. ఆడవాళ్ళు అడిగితే కొట్టువాడు తరచు చూపించేది ‘యూత్ మోడల్’. అంటే పిల్లల కోసం చేసినది. మనం పెద్దవాళ్ళమై కూడా మగపిల్లల కొలతల్లో ఇమడాలన్నమాట. ఆవిడ తుపాకి మడమను వడ్రంగి చేత కోయించుకుంది. తూటాను తనే చేసుకోవడం మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళ కొలతకు కుట్టిన రవిక తొడుక్కుని ఊపిరాడక, చివరికి సూదీదారం తనే పట్టుకున్న మనిషిలాగా.

గరాజులోకి అడుగుపెట్టనిచ్చే ముందు ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “నువ్వు కడుపుతో ఉన్నావా?” ఆ ప్రశ్న నన్ను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చాలామంది అడిగారు. సీసం పొగ తల్లికీ కడుపులో బిడ్డకీ విషమని అడిగింది మాత్రం ఆవిడ ఒక్కతే. లేనన్నాక తలుపు పూర్తిగా పైకెత్తింది, ఫాను పెట్టింది. అక్కడ ఏమీ తినకూడదు, తాగకూడదు, బయటికి రాగానే చేతులు కడుక్కోవాలి అని మూడు నియమాలు చెప్పింది.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన బూడిదరంగు తెట్టు కడుతుంది. దాన్ని చెంచాతో తీసి డబ్బాలో వేస్తుంది. ఒక్క నీటిచుక్క పడినా కరిగిన సీసం ఎగిరి ముఖాన కొడుతుంది కాబట్టి చెమట పట్టిన చేతిని కూడా ఆ పాత్ర మీదికి చాచదు. అచ్చు చల్లగా ఉంటే స్లగ్ ఒళ్ళంతా ముడతలు. మరీ వేడెక్కితే మంచుపట్టినట్టు తెల్లబడుతుంది. మొదట వచ్చిన నాలుగైదూ మళ్ళీ పాత్రలోకే. మొదటి దోసె పెనం కోసం పోసినట్టే. ఈ పోలిక చెప్పబోయి ఆగాను. ఆడవాళ్ళు చేసే ప్రతి పనినీ వంటింటితో పోల్చి చిన్నది చెయ్యడం మన విమర్శకులకు అలవాటు. అదే పని ఆమె భర్త చేసిన రోజుల్లో దాన్ని లోహశాస్త్రం అనేవారట.

స్లగ్ వెనక భాగం డొల్లగా ఉంటుంది. బరువంతా ముందువైపు. బాడ్మింటన్ కాక్ ముక్కు ముందుకు పెట్టి ఎగిరినట్టు, ఇదీ తిరగబడకుండా పోతుంది. 1931లో కార్ల్ ఫోస్టర్ అనే అమెరికన్ ఈ పద్ధతి తెచ్చాడు. అంతకుముందే 1898లో జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెనెకె మరో రకం చేశాడు. వాడేసిన ప్లాస్టిక్ తూటా డొక్కును తీసుకుని, కాలిపోయిన ప్రైమర్‌ను పొడిచి తీసేసి, కొత్తది బిగించి, మందు పోసి, ప్లాస్టిక్ గిన్నెలాంటి వాడ్ దించి, అందులో స్లగ్ కూర్చోబెట్టి, డొక్కు మూతిని లోపలికి మడిచి మూస్తుంది. ఏ డొక్కుకు ఏ ప్రైమర్, ఏ మందు ఎంత అన్నది అచ్చైన పుస్తకంలో ఉన్నట్టే. అందులో ఉన్నవాటిలో తక్కువ దెబ్బ కొట్టేదాన్ని ఎంచుకుంటుంది తప్ప, ఒక్క వస్తువు కూడా తన ఇష్టానికి మార్చదు. “ఇక్కడ సొంత కవిత్వం పనికిరాదు,” అంది, నేను సాహిత్యం మనిషినని గుర్తొచ్చి నవ్వుతూ.

నేను దేన్నీ ముట్టుకోలేదు. భయంవల్ల కాదు, వీసావల్ల. నాలాగా తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. తూటా అనే మాటలో ప్రైమరు, మందు, గుండు కూడా ఉన్నాయి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి విచిత్రమైనది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఆవిడ ఒక్కో స్లగ్‌నూ తక్కెడలో పెట్టేది, నేను అంకె చదివి రాసేదాన్ని. బరువు గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజే. మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టు ఒకప్పుడు వాళ్ళకు బార్లీ గింజ. ఔన్సుకు 437.5 గింజలు. నాలుగైదు గింజలు తేడా ఉన్నవాటిని పక్కన పెట్టేది.

*

ఆ గరాజులో ముప్పై ఏళ్ళ నోటుబుక్కులున్నాయి. అన్నీ భర్త చేతిరాత. తేదీ, మందు రకం, వాడ్ రంగు, దూరం, ఫలితం. కర్త లేని పొట్టి ఇంగ్లీషు వాక్యాలు. చదువుతూ అలవాటు కొద్దీ అడిగాను.

“పోత పోసిందెవరు?”

“నేనే.”

“తూచింది?”

“నేనే. ఆయనకు చత్వారం. తక్కెడ ముల్లు ఆనేది కాదు.”

“మరి రాసింది?”

“ఆయన. రాయడం ఆయన పని అనుకునేవాళ్ళం.”

ముప్పై ఏళ్ళ పుస్తకాల్లో ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు. ఎవరూ కొట్టెయ్యలేదు. వాక్యంలో ఆమెకు చోటు లేదంతే. మన భాష ఈ విషయంలో కాస్త నయం, కర్తను వదిలేసినా క్రియ పట్టిస్తుంది. ‘పోశాడు’, ‘పోసింది’. అయితే ఆ ‘పోసింది’లో ఆమె ఒక్కతే ఉండదు. ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ మన వ్యాకరణం ఒకే ప్రత్యయం ఇచ్చింది. ఆమె పడింది, తూటా పడింది. మగవాణ్ణి మాత్రం విడిగా గుర్తుపట్టాలి.

ఇప్పటి నోటుబుక్కు ఆవిడ రాస్తోంది. “నేను పోశాను, నేను తూచాను” అని ప్రతి వరసలోనూ ‘నేను’ పెడుతుంది. అంత అవసరమా అంటే, “ముప్పై ఏళ్ళ బాకీ,” అంది.

*

పరీక్ష అక్టోబరులో. ఊరి బయట ఎత్తైన మట్టికట్ట, దాని ముందు వరసగా చెక్క చట్రాలకు అంటించిన కాగితాలు, ఇటువైపు సిమెంటు బల్లలు. అందరూ తుపాకులు ఖాళీ చేసి వెనక్కి జరిగామని చెప్పుకున్నాకే ఎవరైనా కాగితాల దగ్గరికి నడవాలి. ఆవిడ తప్ప బల్లల దగ్గర అందరూ మగవాళ్ళే. ఒకాయన మర్యాదగానే, “మీ ఆయన రాలేదా?” అని అడిగాడు. “శ్మశానంలో ఉన్నాడు. అక్కణ్ణుంచి రావడం కష్టం,” అని ఇసక సంచీ సర్దుకుని తుపాకి ఆనించింది.

దూరం 50 గజాలు. ఒక్కో రకానికి ఐదు తూటాలు. పేల్చాక కాగితం మీద అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య నుంచి మధ్యకు కొలవాలి. దాన్ని గ్రూపు అంటారు. కొలిచేది నేను. మొదటి రకం ఏడంగుళాలు వచ్చింది. రెండో రకం, బరువు సరిచూసి ఏరినవి, నాలుగంగుళాల పైచిలుకు. గొట్టంలో గాడుల్లేని పాత షాట్‌గన్‌కు అది బాగానే వచ్చినట్టు.

ఇక్కడ నేను నేర్చుకున్న మొదటి పాఠం, గ్రూపు చిన్నదిగా రావడం వేరు, మధ్యలో తగలడం వేరు. ఐదు చిల్లులూ ఒక్కచోటే పడి, అది మధ్యకు అడుగు దూరంలో ఉందనుకోండి, తూటా తప్పు లేదు. గురి చూసే కంటిని కాస్త జరుపుకుంటే చాలు. ఐదూ చెల్లాచెదురుగా పడి, ఒకటి సరిగ్గా నడిబొడ్డున తగిలితే, అది నైపుణ్యం కాదు, అదృష్టం. ఆ ఒక్కదాన్ని చూపించి మురిసేవాళ్ళు తుపాకుల దగ్గరే కాదు, మన సెమినార్లలోనూ ఉన్నారు.

రెండో పాఠం పక్క బల్ల దగ్గర దొరికింది. అక్కడాయన మూడేసి తూటాలే పేలుస్తున్నాడు. మూడుతో గ్రూపు చిన్నదిగా కనిపిస్తుంది. సంఖ్య పెరిగేకొద్దీ అసలు వెడల్పు బయటపడుతుంది. ఒకసారి మూడింట్లో ఒకటి దూరంగా పోయింది. “అది ఫ్లయర్. నా చెయ్యి అదిరింది. దాన్ని లెక్కలోకి తీసుకోకు,” అని తనతో వచ్చిన కుర్రాడికి చెప్పి, మిగిలిన రెండిటినీ కొలిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ నావైపు చూసి మెల్లగా అంది. “జింకకు ఆ సంగతి తెలియదుగా. ఆ ఒక్కటీ తగిలినా దానికి తగిలినట్టే. మనం అన్నీ లెక్కపెడదాం.”

ఆ మాట నా పరిశోధన మీద పడింది. సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళు చేసింది ఇదే కదా. ఒక ధోరణి, ఒక యుగం అని గీత గీసి, దానికి దూరంగా పడిన ప్రతి రచయిత్రినీ ‘మినహాయింపు’ అని పక్కన పెట్టారు. గ్రూపు ఎంత చక్కగా, ఎంత చిన్నదిగా వచ్చిందో చూడమన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు జరిగింది, పక్కన పడేసిన చిల్లుల్ని మళ్ళీ కాగితం మీద లెక్కపెట్టడమే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన మాటలు వచ్చేసరికి ఆ పోరాటం వెడల్పు మారిపోయింది. తుపాకి పట్టినవాళ్ళు ఉన్నారు. అన్నం మోసినవాళ్ళు, దళాలను దాచినవాళ్ళు, 1951లో పోరాటం విరమించాక ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోవాలో తెలియనివాళ్ళూ ఉన్నారు. దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం 2022లో వెళ్ళిపోయారు. ఆమె ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. ఆ పేరులో నాకు ఇప్పుడు ‘తూటా’ కంటే ‘నా’ అనే మాట ఎక్కువ బరువుగా వినిపిస్తుంది.

*

తుపాకి గురించి ఇంత ఇష్టంగా రాస్తున్నందుకు నామీద నాకే అనుమానం వస్తుంది. అమెరికాలో 2021లో తుపాకులవల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 ఆత్మహత్యలే. బయటినుంచి వచ్చే దొంగకోసమని కొన్న తుపాకి ఎక్కువసార్లు ఇంట్లోవాళ్ళ మీదికే తిరుగుతుంది. హింసించే భర్తకు తుపాకి అందుబాటులో ఉంటే భార్య హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహ పరిశోధకులు 2003లోనే చూపించారు.

ఈ అంకెలు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. యూనివర్సిటీ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న జూనియరు ఒకతి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంది, ఒక రాత్రి ఫోన్ చేసింది. “అక్కా, ఈయన పిస్టల్ కొన్నాడు. మంచం పక్క సొరుగులో పెట్టాడు.” అతనిదీ నాలాంటి వీసానే. ఎలా కొన్నాడని అడిగాను. ఇందాక చెప్తానన్న విచిత్రమైన మినహాయింపు ఇదే. వేట లైసెన్సు ఉంటే తాత్కాలిక వీసా ఉన్నవాళ్ళయినా తుపాకి కొనుక్కోవచ్చు. జన్మలో జింకను వెంటాడని, మాంసం ముట్టని మనిషి వేట లైసెన్సు తీసుకున్నాడు. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపాక మనవాళ్ళలో పుట్టిన భయం నిజమైనదే. కానీ ఆ భయాన్ని ఇంట్లోకి తెచ్చి ఎవరి తలగడ పక్కన పెడుతున్నాం?

“కొట్టాడా?” అన్నాను.

“లేదక్కా. గొడవైనప్పుడు ఆ సొరుగు తీసి మూస్తాడు. ఏమీ అనడు. తర్వాత, టెన్షన్లో ఉన్నాను, ఆ ఒక్కసారీ లెక్కలోకి తీసుకోకు అంటాడు.”

ఆ వాక్యం నేను ఎక్కడ విన్నానో గుర్తుకురావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆమె భార్యగా వచ్చిన వీసా మీద ఉంది. అతని ఉద్యోగం ఉన్నంతకాలం, ఆ పెళ్ళి ఉన్నంతకాలమే ఆమె ఆ దేశంలో ఉండొచ్చు. చేతిలో ఎం.ఫిల్., ఒళ్ళో మూడేళ్ళ పాప. వదిలి రా అని చెప్పడం నాకు తేలిక. ఎక్కడికి రావాలో చెప్పడం కష్టం.

మర్నాడు పక్కింటావిడకు చెప్పాను, పేర్లు లేకుండా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గరాజు గోడకు బిగించిన ఇనప బీరువా తెరిచి చూపించింది. షాట్‌గన్ ఒకచోట, తూటాలు ఇంకోచోట, వేరువేరు తాళాలు. “ఈ ఇంట్లో రెండు తుపాకులుండేవి. ఇది జింక కోసం. రెండోది పిస్టల్. అది దేనికోసమో కూడా నాకు తెలుసు. ఆయన పోయిన వారానికి దాన్ని అమ్మేశాను.” ఇంకేమీ చెప్పలేదు. నేను అడగలేదు. నోటుబుక్కుల్లో లేని ముప్పై ఏళ్ళు ఒక్కసారి నా ముందు నిలబడ్డాయి. మౌఖిక చరిత్రలు రాసేవాళ్ళకు ఎక్కడ ప్రశ్న ఆపాలో కూడా తెలియాలి.

కాసేపయ్యాక ఆవిడే అంది. “ఆ అమ్మాయిని రాసుకోమని చెప్పు. తేదీ, టైము, ఏమన్నాడు, సొరుగు తీశాడా లేదా. అన్నీ. అతను వద్దన్నది ముందు రాయమను. పుస్తకం ఆ ఇంట్లో ఉంచొద్దని చెప్పు.”

మా జూనియరు ఫోన్లో చెబుతుంది, నేను ఇక్కడ రాస్తాను. తెలుగులోనే. ‘తీశాడు, మూశాడు, అన్నాడు’ అని ప్రతి వాక్యంలోనూ కర్త పట్టుబడుతున్నాడు. మొదటి పేజీలో ఏడు తేదీలున్నాయి. అందులో నాలుగు అతను లెక్కలోకి తీసుకోవద్దన్నవి. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ కానట్టుండేవి. ఒకే కాగితం మీద ఏడూ పడేసరికి అవి ఎక్కడ గురిపెట్టి ఉన్నాయో ఆమెకూ కనిపించింది.

గృహహింస బాధితుల తరఫున పనిచేసే ఒక వకీలు ఆ పేజీల ఇంగ్లీషు అనువాదం అడిగింది. హింసకు పాల్పడేవాడి మీద కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తే, అది అమల్లో ఉన్నంతకాలం అతని దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టం చెల్లుతుందని అమెరికా సుప్రీం కోర్టు 2024 జూన్‌లో రహిమి కేసులో ఎనిమిది మంది జడ్జీలతో తీర్పు చెప్పింది, ఒక్కరే విభేదించారు. కానీ ఉత్తర్వు రావాలంటే ముందు అడగాలి. అడగాలంటే ఆమె నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం నేను చేయలేను, చేయకూడదు.

ప్రస్తుతానికి ఆమె, పాప మా ఇంట్లో ఉన్నారు. చుట్టపుచూపుగా అని అతనికి చెప్పి వచ్చింది. సంచిలో ఇద్దరి పాస్‌పోర్టులు, పాప టీకాల కార్డు, ఎం.ఫిల్. సర్టిఫికెట్ ఉన్నాయి. తిరుగు టికెట్టు ఇరవయ్యో తారీకుకు ఉంది. నిన్న రాత్రి నా దగ్గరున్న పుస్తకం అడిగి తీసుకుని, ఎనిమిదో తేదీ తనే రాసుకుంది.